కెజయా కుట్టనన్న వల

ఇంగ్లీషు తీరంలోని లోస్టాఫ్ట్ రేవులో వలలు బాగుచేసే షెడ్డులో నేనూ కెజయా అట్టింగూ పక్కపక్కనే కూర్చునేవాళ్లం. ఆమె భర్త ఈలై తెరచాప పడవలో చేపలకు వెళ్లేవాడు.

యుద్ధం మొదట్లో జర్మన్ జలాంతర్గామి ఎదురైతే, ముందు మనుషుల్ని చిన్న పడవలోకి దిగమని చెప్పి, ఆ తర్వాతే పెద్ద పడవను ముంచేది. ఈలై ఒకసారి అలాగే బతికి ఇంటికొచ్చాడు. తర్వాత మన నౌకాదళం కొన్ని చేపల పడవల్లో వలల కింద ఫిరంగులు దాచింది. శత్రువు దగ్గరికి రాగానే వల లాగేసి కాల్చేవారు. అలా ఒక జలాంతర్గామి మునిగిందని తెలిసిన రోజు ఊరంతా తాగి పాటలు పాడింది. కానీ ఆ దెబ్బతో జర్మన్లు ఏ పడవనూ నమ్మడం మానేశారు. దూరం నుంచే కాల్చడం మొదలుపెట్టారు. పందొమ్మిది వందల పదిహేడు మార్చిలో, చేపలు తప్ప ఏమీ లేని ఈలై పడవ అలాగే ముక్కలైంది. ఐదుగురిలో ఒక్కరూ తిరిగిరాలేదు.

మూడు వారాలకు ఒక అధికారి షెడ్డుకొచ్చాడు. ఒక్క తాడు లాగితే మొత్తం ఊడిపడే వల కావాలన్నాడు.

కెజయా లేచింది. "దేనికి దొరా?"

"అది నీకనవసరం."

"ముప్పై ఏళ్లుగా వలలు అల్లుతున్నా. ఒక్క లాగుకి ఊడే వలలో చేపలు పడతాయా? ఎవరి చెవిలో పువ్వులు పెడుతున్నారు?"

"దేశం కోసమమ్మా."

"అయితే ఫిరంగి ఉన్న పడవకి ఏదో ఒక గుర్తు పెట్టండి. ఫిరంగి లేనివాళ్లయినా బతుకుతారు."

అతను నవ్వాడు. "గుర్తు పెడితే ఇంక వేషం దేనికి?"

"మీ వేషానికి నా మొగుడు చచ్చాడయ్యా! నేను కుట్టను. పో, మీ ఆవిడ చేత కుట్టించుకో!"

మేస్త్రీ ఆమెను అక్కడికక్కడే పనిలోంచి తీసేశాడు. మేం ఇరవైమంది ఆడవాళ్లం తలలు దించుకుని కూర్చున్నాం. ఆ వల నేనే కుట్టాను.

కెజయా తర్వాత రేవుగట్టు మీద ఉప్పునీళ్లలో చేపలు కోసి బతికింది. పదకొండేళ్లు నాతో మాట్లాడలేదు. ఒకరోజు రొట్టెల కొట్టు ముందు నేనే ఆపాను.

"నేను కాకపోతే ఇంకెవరో కుట్టేవారు కదే, కెజయా!"

"కుట్టేవారే. కానీ కుట్టింది నువ్వు."

రొట్టె చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.