బస్సులు కనపడట్లేదు

తిరువూరు బస్టాండులో నన్నన్న మాటల్లో నేను ఒక్కటీ మర్చిపోలేదు.

మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. తనంతట తాను నిలబడలేదు. నిలబడని కాళ్లలో ఎముకలు గుల్లబారతాయి. నిరుడు బట్టలు మారుస్తుంటేనే తొడ ఎముక విరిగింది. మందులొక్కటే చాలవని, రోజూ కాళ్లమీద బరువు పడాలని, ఎండ తగలాలని ఫిజియోథెరపీ మేడమ్ చెప్పింది. ఆ ఉదయం విజయవాడ బస్సు ఎంతకీ రాలేదు. పిల్ల మోకాళ్లు వంగకుండా కట్లు బిగించి, ఎండ పడే స్తంభానికి ఆనించి నిలబెట్టాను.

ఎదురుగా మోకాళ్లమీద కూర్చుని, రెండు చేతులతో నడుం పట్టుకున్నాను. వదిలితే పడిపోతుంది. ఈలోగా నా వెనక జనం మూగారు.

"కన్నతల్లివేనా? ఎండలో ఏంటమ్మా ఆ శిక్ష?"

"కూర్చోబెట్టు, పాపం తగులుద్ది."

ఎవరన్నారో తిరిగి చూడటానికి కూడా వీల్లేదు. నవ్వులు వినిపిస్తున్నాయి. పిల్లను కూర్చోబెడితే వాళ్లు గెలిచినట్టు. కూర్చోబెట్టలేదు.

అంతలో సంచీ మోసుకుంటూ వచ్చిన ఒక పెద్దావిడ, నన్ను కాదని పిల్లనే అడిగింది.

"ఏమ్మా, కాళ్లు నొప్పులా?"

"నొప్పేం లేదు మామ్మా. వీళ్లు అడ్డమొచ్చారు. బస్సులు కనపడట్లేదు."

ఆవిడ పకపకా నవ్వింది. "జరగండయ్యా! పిల్ల బస్సులు చూసుకుంటుంటే గోడలా నిలబడ్డారేంటి?" అంటూ సంచీతోనే అందర్నీ పక్కకు నెట్టింది. తర్వాత తన బస్సెక్కి వెళ్లిపోయింది.

మాటలన్నవాళ్లను నేను క్షమించలేదు. అయితే అప్పటిదాకా ఇంట్లో పిల్లను బీరువాకు ఎదురుగా నిలబెట్టేదాన్ని. ఇప్పుడు వీధి కిటికీ దగ్గర నిలబెడుతున్నాను. కూర్చోబెట్టబోతే, "ఇంకాసేపమ్మా" అంటుంది.