ఎల్లారెడ్డికి ఒక గూడ ఎక్కువైంది

కొత్తగ పని నేర్చుకున్న రోజుల్ల మనకు రాని పనంటూ ఉండదు. రాదన్న సంగతి తర్వాత మెల్లగ తెలుస్తది. డిగ్రీ అయినంక కామారెడ్డిల ఒక చిన్న వెబ్‌సైట్ల ఆఫీసుల చేరిన రోజుల్ల నేను అచ్చం గట్లనే ఉండేదాన్ని. ఎస్‌ఈఓ అంటే ఏందని మా బాపు అడిగితే, "నెట్‌ల ఎవరన్న వెతికితే మన దుకాణం పేరు అందరికన్న ముందు వచ్చేటట్టు చేసుడు" అని గొప్పగ చెప్పిన. బాపు జరసేపు ఆలోచించి, "అంటే, లైన్‌ల నడుమ దూరుడా?" అన్నడు. (ఇన్నేండ్లయినా ఇంతకన్న తేటగ నాకెవరూ చెప్పలేదు.)

నా చేతికిచ్చిన మొదటి పని మా జిల్లాలనే ఉన్న చిన్న ఊరు ఎల్లారెడ్డిల ఒక పరుపుల దుకాణం. దాని యజమానిని అందరూ పరుపుల చాచా అనేటోళ్లు. ఫోమ్ పరుపులు వచ్చినంక, దూది ఏకి కుట్టే చాచాకు గిరాకీ సన్నగిల్లింది. ఇది చూసి దుబాయ్‌ల ఉన్న అల్లుడు ఒక వెబ్‌సైట్ చేయించిండు గాని, అది ఉన్నదని అల్లునికి తప్ప ఎవరికీ తెల్వదు. "పెండ్లిళ్ల సీజన్‌లోపల ఫోన్లు రావాలె. రాకపోతే నీ గురించి ఆలోచించవలసి వస్తది" అన్నడు మా సార్. ఏం ఆలోచిస్తడో చెప్పలేదు, నాకు సమజ్ అయింది.

నెట్‌ల జనం ఏయే మాటలతోని వెతుకుతున్నరో చూపించే టూల్ ఒకటుంటది. దాంట్ల "ఎల్లారెడ్డి" అని కొట్టంగనే కింద ఒక పెద్ద వరుస దిగింది. అన్నిటికన్న ఎక్కువ మంది వెతికేది "ఎల్లారెడ్డిగూడ". అది హైదరాబాద్ నడిమిట్ల ఉన్న బస్తీ అని నాకు తెల్వక కాదు. (కోచింగ్ కోసం ఆ పక్క గల్లీలల్ల నేను గూడ తిరిగిన.) కాని ఉత్సాహంల వరుసంతా చూడకుండ టిక్ కొట్టి పేజీల పోసిన. "ఎల్లారెడ్డిలో పరుపులు కావాలా? ఎల్లారెడ్డి పరుపులు, ఎల్లారెడ్డిగూడ పరుపులు, ఎల్లారెడ్డిలో దూది ఏకి ఇచ్చే పరుపులు..." అని ఊపిరి తీసుకోకుండ సాగుతదది. చాచా ఎవరితోనో చదివించుకొని, "బేటీ, నా పరుపుల గురించి ఇన్నిసార్లు నేను గూడ చెప్పుకోలె" అని మురిసిపోయిండు.

కొన్ని రోజులకే ఫోన్లు మొదలైనయి. "పొద్దటిసంది ఫోనే ఫోను బేటీ!" అని చాచా చెప్పంగనే నేను సార్ ముందర రెండుసార్లు ఊరికెనే అటూ ఇటూ నడిచిన. తెల్లారి మళ్ల చాచా ఫోను. ఈసారి గొంతుల ఆయాసం.

"బేటీ, మన ఎల్లారెడ్డిల మెట్రో ఎక్కడ పెట్టిండ్రు?"

"మెట్రోనా చాచా?"

"మెట్రో పక్క గల్లీ, నాలుగో అంతస్తు, లిఫ్ట్ ఉంది రండి అంటున్నరు. వస్తున్న అని మాటిచ్చిన. బస్టాండ్ కాడ అడిగిన, మార్కెట్ కాడ అడిగిన. కొత్తగ పెట్టిన బేకరీ గావచ్చు అన్నడొకాయన. ఆడికి పోతే ఆళ్లు నాకు కేకు అమ్మిండ్రు."

పేజీ తెరిచి చూస్తే ఎల్లారెడ్డి పక్కన "గూడ" కనబడ్డది; ఫోన్లన్నీ హైదరాబాద్ నుంచి వస్తున్నయి. సార్‌కు చెప్పే ధైర్యం లేక ముందుగాల ఎల్లారెడ్డి బస్సెక్కిన. తాడ్వాయి దాటేదాకా మాఫీ ఎట్ల అడగాల్నో లోపల్లోపల చదువుకున్న. దుకాణంల అడుగు పెట్టంగనే చదువుకున్నదంతా మరిచిపోయి ఏడ్చిన. చాచీ ఏమీ అడగకుండ నన్ను లోపలికి తోలుకపోయి అన్నం, ఖట్టా దాల్ ముందర పెట్టింది. "మొదలు తిను. ఏడ్సుడు తర్వాత గూడ అయితది" అన్నది. నేను తినుకుంట చెప్పిందంతా విని చాచా కడుపు పట్టుకొని నవ్విండు.

"గట్లనా! నేను ఊరు మొత్తం తిరిగితే ఊరే తప్పా!" అన్నడు. తర్వాత జర నిమ్మళంగ, "ఫోన్ చేసినోళ్లల్ల ఒక పెద్దమ్మ ఉన్నది బేటీ. నడుం నొప్పట, దూది పరుపు మీద తప్ప నిద్ర పట్టదట. హైదరాబాద్ పట్నంల ఏకేటోళ్లు దొరుకుతలేరని మస్తు బాధపడ్డది. నీ పేజీల ఊరు తప్పు గావచ్చు, ఆమె బాధ తప్పు గాదు గదా" అన్నడు.

అప్పటికప్పుడు ఆమెకు ఫోన్ చేసి ఉన్న సంగతి చెప్పిండు. ఆమె కొడుకు పని మీద నిజామాబాద్ పోతుంటడట. దారిల భిక్నూర్ ధాబా కాడ పరుపు ఇస్తనన్నడు. ఒప్పుకున్న రోజు చాచా, నేను ట్రాలీ ఆటోల పోయి హైవే పక్కన నిలబడ్డం. కారు మీద తాళ్లతోని కట్టిన ముసలి పరుపు ఊగుకుంట వచ్చింది. దించుతుంటే చూసి ధాబా ఆయన, "మా కాడ మంచాలున్నయి గదన్నా, పరుపులు మీరే తెచ్చుకుంటుండ్రా?" అన్నడు.

ఆ సాయంత్రం చాచా నాకంటె ముందే మా సార్‌కు ఫోన్ చేసిండు. "మీ పిల్ల పట్నం నుంచి గిరాకీ తెచ్చింది సాబ్" అన్నడట. సార్ ఆలోచించుడు మానేసిండు. నేను పేజీల ఉన్న "గూడ"నంతా ఊడ్చేసి, కామారెడ్డి జిల్లా అని పెద్దగ రాసి, దుకాణం ఫోటోలు పెట్టిన. చాచా మాత్రం ఒక్క మాట కొత్తగ చేర్పించిండు: "పట్నం వాళ్లు భిక్నూర్ దాకా తెస్తే చాలు, మిగిలింది మా పని." పేజీ మొత్తంల బాగ పనిచేసింది ఆ మాటనే. పెండ్లిళ్లు అయిపోయినంక గూడ ట్రాలీ భిక్నూర్ పోవుడు ఆగలేదు.

ఇప్పుడు కామారెడ్డిల నాకు సొంత ఆఫీసు ఉన్నది. ఆ రోజు చాచా కోపం చేసుంటే ఆయన తప్పేమీ లేదు. చేసుంటే నేను ఈ పనినే వదిలేసి పోయేదాన్ని. మొన్న ఎల్లారెడ్డి పోతే, దుకాణంల కూర్చున్న గిరాకీలందరికీ చాచా నన్ను చూపించి, "హైదరాబాద్‌ను ఎల్లారెడ్డికి పట్టుకొచ్చిన బిడ్డ ఈమెనే" అన్నడు. సిగ్గుతోని తల దించుకున్న. కాని చూడకుండ టిక్కులు కొట్టిన అప్పటి ఆ పిల్ల, మొదటిసారి, నాకు గూడ జర ముద్దొచ్చింది.