మానిటరు మీద బొట్టుబిళ్ళ

ఛత్తీస్‌గఢ్‌లోని గనుల ఊరు కిరండూల్‌లో మా పక్క క్వార్టరు పిన్నిగారు ఆదివారాలు కాలనీ పిల్లలకు తెలుగు నేర్పేవారు. పాఠాలు టైపు చేసుకునే పాత కంప్యూటరు మొరాయిస్తే, విండోస్ తీసేసి, ఉచితంగా దొరికే లినక్సు వేసిస్తానని నేను ఎగబడ్డాను. లినక్సుల్లో, వాటి డెస్క్‌టాపుల్లో దొరికిన రకాలన్నిటికీ మార్కులు వేసి, సగటు కట్టి, ఫస్టొచ్చినదాన్ని ఎక్కించాను. ప్రోగ్రాములు తెరిచే మెనూ ఎక్కడుందో మరిచిపోకుండా ఆవిడ తెర కింది మూలలో బొట్టుబిళ్ళ అంటించుకున్నారు. మరో వారానికి మళ్ళీ మార్కులు వేస్తే సగటు మారి ఇంకోటి ఫస్టొచ్చింది; దాన్ని ఎక్కిస్తే మెనూ పైకెళ్ళింది. ఆవిడ బొట్టూ పైకెళ్ళింది. మూడో రకంలో మెనూ నడిమధ్యకొచ్చింది.

"రేపు పిల్లలొస్తారు, పాఠం ఇంకా ప్రింటు తీయలేదు. దీనికి ఇంకెన్ని బొట్లు పెట్టిస్తావయ్యా?" అన్నారు, వేలికి కొత్త బిళ్ళతో.

"మెనూ మీకెక్కడ కావాలండీ?" అని అప్పుడు, మొదటిసారి, అడిగాను.

ఆవిడ బిళ్ళను కింది మూలలోనే అంటించారు. మొదట ఎక్కించినదాన్నే మళ్ళీ ఎక్కించాను. నా లెక్కలో అప్పటికి దానిది ఆఖరి స్థానం.