పుష్పవల్లి పాలపొడి దౌత్యం

పుష్పవల్లి ముత్తాత బాగన్ దాతుక్ అనే ఊరి కొబ్బరితోటలో కూలీ, తాత అక్కడే మేస్త్రీ. ఆ వంశంలో దౌత్యరంగంలో అడుగుపెట్టిన తొలి మనిషి పుష్పవల్లే. హోదా మాత్రం పోర్ట్ క్లాంగ్‌లో రేవు దగ్గర ఒక గిడ్డంగి సూపర్‌వైజరు.

గాజా పసిబిడ్డలకని ఒక సేవాసంస్థ ఇచ్చిన పాలపొడి ఆమె అధీనంలో ఉంది. పద్దెనిమిది వందల పెట్టెలు. దోహాలో కాల్పుల విరమణ మధ్యవర్తులు ‘చర్చలు ఆశాజనకం’ అనగానే పెట్టెలు కంటైనరెక్కుతాయి. మర్నాడు చర్చలు చెడతాయి. ఎండకి ఉడికితే పొడి పాడవుతుంది గనక పెట్టెలు దిగుతాయి. ఇప్పటికి నాలుగుసార్లు ఎక్కి దిగాయి. ఆ చర్చల్లో ఇంత కదలిక మరెక్కడా లేదు.

కానీ ప్రతి డబ్బా అడుగునా ఒక తేదీ ఉంది. చేరేసరికి ఆరు నెలల గడువైనా మిగలకపోతే అవతలివాళ్లు తీసుకోరు. ఆ లెక్కన ఇక మిగిలింది ఒక్క ఓడే. ఇవాళ సాయంత్రం నాలుగింటికి దాని సరుకు తీసుకునే రేవు గేటు మూస్తారు. పంపాక సరిహద్దు తెరవకపోతే పొడి అక్కడి ఎండలో మగ్గుతుంది. పంపకపోతే ఇక్కడే ఏ అనాథాశ్రమం పిల్లలకో పనికొస్తుంది. సంస్థ కార్యదర్శి ఎన్నడూ లేని వినయంతో, “మీకు తోచినట్టు చెయ్యండమ్మా” అని ఫోను పెట్టేశాడు.

పొద్దుటినుంచి పుష్పవల్లి ఫోనులో దోహా వార్తలే చూస్తోంది.

“ఏటక్కా, ఎక్కించాలా వద్దా? సెప్పు,” అన్నాడు ఫోర్క్‌లిఫ్ట్ నడిపే తినగరన్.

“ఉండొరే. ఆళ్ళింకా బైటకి రానేదు.”

“ఆళ్ళకేటి! ఏసీలో కూకొని కాపీ తాగతన్నారు. ఈ పెట్టెలకి నా మొకం గురుతైపోనాది.”

మధ్యవర్తులు నవ్వుతూ బయటికొచ్చిన ప్రతిరోజూ పని చెడిందన్నది పుష్పవల్లి పరిశోధన. నోరు విప్పని రోజు ఇంతవరకు రాలేదు గనక ఆమె ఆశంతా దానిమీదే.

మూడింటికి ఫోనులో వార్త వచ్చింది. మధ్యవర్తులు విలేకరులతో మాట్లాడటానికి నిరాకరించారట.

“ఎక్కించు,” అంది.

“మంచి కబురా అక్కా?”

“కబురే నేదు. అందుకే.”

తలుపులు మూసి, తనే సీలు వేసి, మూడుసార్లు లాగి చూసింది. నాలుగింటికి పది నిమిషాలుండగా లారీ రేవు గేటు దాటింది.

తే తారిక్ టీ గ్లాసు ఇంకా పెదవులకు తగల్లేదు, తినగరన్ ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

“అక్కా! ఆళ్ళు బైటకొచ్చినారు!”

గ్లాసు కింద పెట్టింది. “నవ్వుతన్నారా?”

“ఒకడు నవ్వుతన్నాడు. ఇంకోడిది సరిగ్గా అగుపడ్డం నేదు.”

పుష్పవల్లి ఫోను లాక్కుని, ఆ రెండోవాడి మూతిని రెండు వేళ్లతో పెద్దది చేసి చూడసాగింది.