మా ఇంటావిడ కొడుకు, కోడలు

డెబ్భై ఒకటిలో, యుద్ధానికి కొన్ని నెలల ముందు, పెళ్ళయి కోనసీమ నుంచి విశాఖపట్నం వచ్చాను. మా ఆయనకి పోర్టులో ఉద్యోగం. మల్కాపురంలో ఒక వాటా అద్దెకు తీసుకున్నాం. ఇంటావిడ గంపలో చేపలు పెట్టుకుని వీధివీధీ తిరిగి అమ్మేది. భర్త లేడు. ఒక్కడే కొడుకు, నేవీలో నావికుడు. మేం దిగిన కొద్దిరోజులకే అతను సెలవు మీద వస్తే, తల్లి లేని పిల్లని, తన అన్న కూతుర్నే తెచ్చి పెళ్ళి చేసింది.

ఆ కుర్రాడికి చేపలంటే పడదు. వాళ్ళింట్లో పులుసు మరిగితే చాలు, ముక్కు మూసుకుని మా వంటింట్లోకి వచ్చి పీట వాల్చుకునేవాడు.

“అక్కా, ఏటి సేసినావ్? పప్పుచారేనా? ఒక్క ముద్దెట్టు.”

వాళ్ళమ్మ గుమ్మంలోంచి తిట్టేది. “సేపలమ్మి పెంచినాన్రా నిన్ను! సేపంటే పడదేటి నీకు? నలుగురిలో సిగ్గేత్తంది నాకు.”

“అందుకేనే అమ్మా ఓడెక్కినాను. సేపలు కిందుంటాయి, నాను పైనుంటాను.”

కొత్త పెళ్ళికూతురు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది.

ఒక సాయంత్రం నన్నూ, కొత్త పెళ్ళాన్నీ బీచికి తీసుకెళ్ళాడు. కాలవల పక్కన పెరిగిన నాకు అలలంటే హడల్. పాదాలు తడిసీ తడవకముందే ఒక అల నా చెప్పు లాక్కుపోయింది. ప్యాంటు తడవడం కూడా చూసుకోకుండా దూకాడు. చాలాసేపు వెతికి ఉత్త చేతులతో వచ్చాడు. “మా సముద్రానికి గోదారి జోడు నచ్చినట్టుందక్కా, ఇవ్వనంటంది” అన్నాడు. ఒంటి చెప్పుతో ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాం.

సెలవైపోయి, పడమటి తీరంలో ఉన్న తన ఓడకి వెళ్ళిపోయాడు. డిసెంబరులో యుద్ధం మొదలైంది. రిఫైనరీ పక్కనే కాబట్టి మా పేటలో దీపాలు వెలగనిచ్చేవారు కాదు. సైరన్ మోగితే అత్తాకోడళ్ళు మా గదిలోకి వచ్చేసేవారు.

ఒక మధ్యాహ్నం నేవీ వాళ్ళు ఇద్దరు వచ్చారు. ఓడ మునిగిపోయిందనీ, అతను దొరకలేదనీ చెప్పారు. కోడలు గోడకి జారబడిపోయింది. ఇంటావిడ మాత్రం వాళ్ళకి మంచినీళ్ళిచ్చింది.

“మావోడికి ఈత బాగా వచ్చు బాబూ. ఇంకోపాలి సూడండి” అంది.



ఎండాకాలం దాకా ఎదురుచూసింది. కోడలి చేతి గాజు ఒక్కటి కూడా తీయనివ్వలేదు. తర్వాత ఒక ఉదయం పసుపు, పూలు పట్టుకుని ఒక్కతే ఒడ్డుకు వెళ్ళి వచ్చింది. “ఆడి మీద ఆశ ఒగ్గీసినానమ్మా” అంది నాతో. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. చాలాకాలం మా ఇంట్లో పప్పుచారు కాయలేకపోయాను.

ఏడాది తిరిగాక కోడలికి సంబంధం వెతకడం మొదలుపెట్టింది. ఆ పిల్ల ఒప్పుకోలేదు.

“నాను నీ కాడే ఉంటానత్తా.”

“ఉండే. ఎవులొద్దన్నారు? మనువాడి, ఆడితో కూడా నా కాడే ఉండు.”

నీళ్ళ మీద పని చేసేవాడు కాకూడదు, తమ ఇంట్లోనే ఉండాలి. అవే ఆవిడ షరతులు. మా ఆయనే తమ పోర్టులో క్రేన్ నడిపే కుర్రాణ్ణి చూపించాడు. ఉత్తరంలో ఈ సంగతి రాస్తే మా అమ్మ నమ్మలేదు. అత్తగారు కోడలికి పెళ్ళి చేయడమేమిటని ఎదురు రాసింది. పెళ్ళిలో తల్లి కూర్చోవలసిన చోట ఆవిడే కూర్చుంది. పెళ్ళికూతురి తల సవరించి, బుగ్గన చుక్క తనే పెట్టింది.

తర్వాత మగపిల్లాడు పుట్టాడు. పోయినవాడి పేరే పెడతారని అందరం అనుకున్నాం. క్రేన్ కుర్రాడే ముందుగా ఆ మాటన్నాడు. “ఆరి పేరే పెడదాం అత్తా. నాకూ ఇట్టమే.”

ఇంటావిడ మనవణ్ణి ఒళ్ళో వేసుకుని నూనె రాస్తోంది. చెయ్యి ఆపలేదు.

“వద్దు నాయనా. ఆడి పేరు ఆడికే ఉండనీ. ఈడి మొకంలో నాను ఇంకొకళ్ళని ఎతుక్కోకూడదు” అంది.

తనే వేరే పేరు పెట్టింది. ఎనభైలలో అల్లుడికి స్టీల్ ప్లాంటులో ఉద్యోగం దొరికి, అందరూ క్వార్టర్స్‌కి మారారు. సామాన్ల లారీలో డ్రైవరు పక్కన మనవడితో కూర్చుని, అటక మీది జాడీ మర్చిపోయారంటూ కోడల్ని కేకలేస్తూ వెళ్ళింది మా ఇంటావిడ.