మిరపకాయల పక్కన ఆగిన బస్సు

ఆమె పేరు నాకిప్పటికీ తెలియదు. దాచేపల్లి దాటాక బస్సులో ఆమెకి కాన్పు నొప్పులు మొదలయ్యాయి. డ్రైవరు బండి పక్కకి ఆపాడు. నేను ఎమర్జెన్సీకి ఫోన్ చేశాను.

"పోలీసా, ఫైరా, అంబులెన్సా సార్?" అవతల ఒక అమ్మాయి అడిగింది.

సంగతి చెప్పాను.

"మీరు కృష్ణకి అవతలి ఒడ్డున ఉన్నట్టు చూపిస్తోంది. సరిగ్గా ఎక్కడున్నారు?"

ఆ ప్రశ్నకి బస్సంతా లేచింది.

"మా బామ్మర్ది పత్తిచేను కాడ అని చెప్పు," అన్నాడొక పెద్దాయన.

"నీ బామ్మర్ది ఎవరో వాళ్ళకేం తెలుసు? నిరుడు సిమెంటు లారీ బోల్తా పడ్డ కాడ అంటే తెలిసిద్ది!" అన్నాడు ఇంకొకాయన.

ఇద్దరికీ మాటామాటా పెరిగింది. సీటు కడ్డీ పట్టుకుని వంగి ఉన్న ఆమె చెయ్యి చాపింది.

"ఏందన్నా, నొప్పులు నాకా మీకా? ఇట్టా తే!"

ఫోన్ లాక్కుంది.

"ఏటికి ఇవతలే ఉన్నాం తల్లీ. దాచేపల్లి నుంచి గురజాల రోడ్డు పట్టుకుని వస్తే, సగం రోడ్డు మీద మిరపకాయలు ఆరబోసుంటయ్యి. ఆ పక్కనే మా బస్సు." ఒక్క క్షణం పళ్ళు బిగించి, "కాయల మీద మాత్రం బండెక్కించొద్దను. పాపం, ఎవురియో!" అని ఫోన్ నా చేతికిచ్చింది.

అంబులెన్సు నిజంగానే కాయలు తప్పించుకుంటూ వచ్చింది. ఆమెని ఎక్కించుకుని తలుపులు వేశారో లేదో, లోపల్నుంచి పసికందు ఏడుపు వినపడింది. బస్సంతా ఈలలు, చప్పట్లు.

అంతలో ఎమర్జెన్సీ అమ్మాయే మళ్ళీ ఫోన్ చేసింది.

"అంబులెన్సు వచ్చిందా సార్?"

"వచ్చిందమ్మా. ఇంకొకరు కూడా వచ్చారు!"

ఆ అమ్మాయి గట్టిగా నవ్వింది.

"పాపా, బాబా సార్?"

నేను బస్సు వైపు తిరిగి అదే అడిగాను. తలా ఒకటి చెప్పారు. అంబులెన్సు అప్పటికే మలుపు తిరిగింది. నా చేతిలోంచి ఫోన్ లాక్కునేవాళ్ళు ఎవరూ లేరు.