గో, వెంట్‌ల కాపురం

మాస్టారికి యాభై దాటినా పెళ్ళి కాలేదు. పెళ్ళి మాటలకని వెళ్ళిన చోటల్లా క్రియాపదాల గురించి మాట్లాడి వస్తే ఏ పిల్ల ఒప్పుకుంటుంది? ఇప్పుడాయన లాండ్రీ మీద మేడగదిలో సాయంత్రాలు ఇంగ్లీషు క్లాసు నడుపుతున్నారు. కింది నుంచి ఇస్త్రీ ఆవిరి పైకొస్తుంది, పై నుంచి ‘గో, వెంట్, గాన్’ వల్లింపు కిందికి దిగుతుంది.

లాండ్రీ నడిపే ఆవిడకు భర్త పోయి చాలాకాలమైంది. పిల్లలు ఎవరి సంసారం వాళ్ళు చూసుకుంటున్నారు. రోజూ ఆ వల్లింపు వినీ వినీ, ఇదేదో తేల్చుకుందామని తనూ వచ్చి ముందు బెంచీలో కూర్చుంది.

వచ్చిన మొదటిరోజే తగువు. ‘వాక్’కి ‘వాక్డ్’ అయినప్పుడు ‘గో’కి ‘వెంట్’ ఏమిటి, ఇదెక్కడి న్యాయం అని నిలదీసింది. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. ‘వెంట్’ అసలు ‘వెండ్’ అనే వేరే మాట బిడ్డ అనీ, ‘గో’ తన పాత రూపం పోగొట్టుకుంటే ఇది వచ్చి చేరిందనీ, ఫ్రెంచివాళ్ళ ‘వెళ్ళడం’ ఏకంగా మూడిళ్ళ సరుకనీ, ఆమాటకొస్తే మన ‘ఉంది’కి ‘లేదు’ మాత్రం ఏం చుట్టమనీ చెప్పుకుపోయారు.

“అంటే చెరో సగం పోగొట్టుకుని, మిగిలినదాంతో కాపురం పెట్టాయన్నమాట,” అంది ఆవిడ.

మాస్టారు సుద్దముక్క ఎక్కడ పెట్టారో మరిచిపోయారు.

అప్పటి నుంచి చొక్కా మాసినా మాయకపోయినా లాండ్రీకి వేయడం మొదలుపెట్టారు. సంగతి క్లాసంతటికీ అర్థమైంది, ఆయనకు తప్ప. ఆయనకు అర్థమయ్యేసరికి పరీక్ష నెత్తిమీదికొచ్చింది. పాసైతే ఆవిడ ఇక మెట్లెక్కదు. అడుగుదామంటే నోరు పెగలదు.

నోటి పరీక్షలో మాస్టారు అడిగినవన్నీ ఆవిడ టకటకా చెప్పేసింది. మార్కుల దగ్గర కన్నతల్లినైనా ఖాతరు చేయని మనిషి, ఆవిడ పేరు పక్కన ‘ఫెయిల్’ అని రాశారు.

మర్నాడు ఆవిడ షాపు మధ్యలో వదిలేసి పైకొచ్చింది. తను ఏది తప్పు చెప్పిందో చూపించమంది. మాస్టారు కళ్ళద్దాలు తుడిచారు. మళ్ళీ తుడిచారు.

“ఒక్కటీ తప్పు లేదండీ. పాస్ చేస్తే ఇక రారని భయమేసింది. చేసింది వెధవ పనే, ఒప్పుకుంటున్నాను. కానీ మీరు రాకపోతే నాకిక్కడ తోచదు.”

ఆవిడ బెంచీ మీద కూర్చుని ఆయన వంక చూసింది. నవ్వు ఆపుకోవడానికి కష్టపడుతోందని ఆయనకు తెలియలేదు.

“పెళ్ళి చేసుకుందామనేనా మీరనేది?”

మాస్టారు తలూపారు.

“అయితే ముందు నన్ను పాస్ చేయండి. ఫెయిలైనదాన్ని చేసుకుంటే పోయేది మీ పరువే.”